92 ఏళ్ల తాత, చదువురాని నాయనమ్మ, ఒక ట్యాబ్: ఎట్ల అలవాటు చెయ్యాలె?

మునుగోడు మనవడు:
అందరికి నమస్తే. తాతకు 92, నాయనమ్మకు 86. మునుగోడు మండలంల ఊర్లె ఇద్దరే ఉంటరు. పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ ఒకటి సిమ్ తోటి కొనిచ్చిన. రెండు పనులు కావాలె. మందులు, దవాఖాన తారీఖులు, పింఛన్ రోజు, చుట్టాల పెండ్లిండ్లు వాళ్లంతట వాళ్లే చూసుకోవాలె. రెండోది, పొద్దుగాల నుంచి పొద్దుమీకె దాక అరుగు మీద ఊరికె కూసుంటున్నరు, మెదడుకు కొంచెం పని దొరకాలె.

తాత నిజాం జమానాల ఉర్దూ మీడియం నాలుగో జమాత్ దాక చదివిండు. తెలుగు కూడబలుక్కొని చదువుతడు. ఫ్లోరైడ్ తోటి మెడ తిరగదు, వేళ్లు నిండ చాపరావు. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యింది. నాయనమ్మకు అక్షరం ముక్క రాదు, చూపు బాగనే ఉన్నది, చెవులు మందం. కాని తిథి, వారం, నక్షత్రం నోటి మీద ఉంటయ్.

ఇప్పుడు ఇబ్బందులు. నొక్కితె ఒకపారి పలకది, ఇంకోపారి ఐకాన్లు జరిగి యాడికో పోతయ్. మొన్నటి నుంచి ట్యాబ్ తెర మీద ఉన్నదంత పైకి చదువుతున్నది, ఒక్కసారి నొక్కితె ఏదీ తెరుచుకోదు. క్యాలెండర్ ఆప్‌ల అన్నీ ఎక్కించిన, నోటిఫికేషన్ వస్తది, ఎవ్వరు చూడరు. సుడోకు ఎక్కిస్తె రెండు రోజులకే పక్కకు పెట్టిన్రు. మెదడు ఆటల ఆప్‌కు నెలనెల పైసలు కట్టుడు దండగా, అవసరమా? తెలిసినోళ్లు జెర చెప్పున్రి.

సెల్లు రిపేరు దేవరకొండ:
తమ్మీ, ముందు ఆ మాట్లాడుడు సంగతి. అది టాక్‌బ్యాక్. చూపు లేనోళ్ల కోసం పెట్టింది. వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు ఒత్తిపడితె మొదలైతది. ట్యాబ్‌ను అంచు కాడ గట్టిగ పట్టుకునే ముసలోళ్ల చేతులల్ల తెలవకుండనె ఒత్తుకుంటది. మళ్ల ఆ రెండే మూడు సెకన్లు ఒత్తితె పోతది. పోయినంక సెట్టింగ్స్‌ల యాక్సెసిబిలిటీకి పోయి టాక్‌బ్యాక్ షార్ట్‌కట్ కూడ బంద్ చెయ్, లేకుంటె వారానికోసారి ఇదే పంచాయితీ. అది నడుస్తున్నప్పుడు ఒక్కసారి ముట్టుకుంటె ఎంచుకునుడే, తెరవాల్నంటె రెండుసార్లు టకటక కొట్టాలె, జరుపాల్నంటె రెండు వేళ్లు కావాలె. ఇది తెలవకనె చానమంది ట్యాబ్ ఖరాబైందని దుకాణానికి పట్టుకొస్తరు.

నొక్కితె పలకకపోవుడుకు కారణాలు మూడు. ముసలోళ్ల వేళ్ల తోలు ఎండి ఉంటది, టచ్ తెర వేలికున్న తేమ, కరెంటు గుణం మీదనె పనిచేస్తది. తడిబట్ట మీద వేళ్లు ఒకసారి అద్ది, తుడుచుకొని నొక్కమను. ఇంకోటి, మందపు గ్లాసు అతికించి ఉంటె తీసెయ్. అందుల గాలిబుడగ ఉంటె ఆ జాగల టచ్ చచ్చిపోతది. మూడోది, ఛార్జింగ్ పెట్టి వాడుతున్నరా చూడు. సస్తా ఛార్జర్ అయితె కరెంటు శబ్దం టచ్ లోపలికి దూరి, ముట్టుకోకుండనె నొక్కినట్టు పిచ్చిపిచ్చిగ చేస్తది. ఛార్జర్ తీసి చూస్తె కుదురుకుంటె దోషం ఛార్జర్‌దే.

తాతకు వేళ్లు చాపరావంటివి కాబట్టి రబ్బరు ముక్కు పెన్ను తేవాలె. సన్న పెన్ను పట్టు దొరకదు, లావు చెయ్యాలె. ఇక్కడ్నే అందరు తప్పు చేస్తరు. పెన్నుకు స్పాంజో, బట్టో చుట్టి ఇస్తరు, ఇగ అది పనిచెయ్యది. బ్యాటరీ లేని ఈ పెన్ను మన చేతి నుంచి కరెంటు గుణం తీసుకొని ముక్కు దాక పంపాలె. నడుమ స్పాంజి అడ్డమొస్తె తెగిపోతది. స్పాంజి చుట్టినంక పైన వంటింటి అల్యూమినియం రేకు ఒక పట్టీ తిప్పి, దాని కొస పెన్ను లోహానికి తాకెటట్టు బిగించు. ఆయన వేలు ఆ రేకు మీద ఉంటె చాలు. పెన్ను ఒంటికి రంగు పూత ఉంటె రేకు తాకే జాగల జెర గీకాలె.

ఐకాన్లు జరుగుడు ఎందుకంటె, నొక్కి వేలు తీసుడు ఆలస్యమైతది, ట్యాబ్ దాన్ని పట్టుకొని లాగుతున్నరనుకుంటది. యాక్సెసిబిలిటీల టైమింగ్ దగ్గర, నొక్కిపట్టే సమయాన్ని లాంగ్‌కు మార్చు. హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌ల లేఅవుట్ లాక్ ఉంటది, అది కూడ వెయ్. కిందినుంచి పైకి తోసే జెస్చర్లు తీసేసి పాత మూడు బటన్లు పెట్టు, కండ్లకు కనపడే బటన్ లేకుంటె వెనుకకు పోవుడు ఎవ్వరికి తెలవది. తెర తిరుగుడు బంద్, తెర ఆరిపోయే సమయం ఉన్నంతల ఎక్కువ. హోమ్ మీద నాలుగే ఉంచు: నీ ఫొటో, ఇంకొకరి ఫొటో, పాటలు, గడియారం. వాట్సాప్ చాట్‌ల మూడు చుక్కలు, మోర్, యాడ్ షార్ట్‌కట్ అని ఉంటది, దాంతోటి మనిషి ఫొటోనె ఐకాన్ అయితది. చదువురాని నాయనమ్మకు అక్షరాల కన్నా ముఖమే మేలు.

పైసల సంగతి ఒకటి. ఆ ట్యాబ్‌ల ఉన్న సిమ్ బ్యాంకుకు గానీ ఆధార్‌కు గానీ కలిపిన నంబర్ అయి ఉండొద్దు. ఫోన్‌పే, గూగుల్‌పే ఎక్కించకు. వాట్సాప్‌ల ప్రైవసీ, కాల్స్, సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చెయ్. గ్రూపులల్ల ఎవరు పడితె వాళ్లు చేర్చకుండ మై కాంటాక్ట్స్ పెట్టు. పెండ్లి పత్రిక అని, కిసాన్ పైసలు అని ఏపీకే ఫైల్ (ఒత్తితె ఆప్ ఎక్కే ఫైల్) పంపి దోచుకునుడు నడుస్తున్నది, అట్లాంటిది తెరవకుండ బయటి ఆప్‌ల అనుమతి తీసెయ్. దెబ్బ తగిలితె ఆలస్యం చెయ్యకుండ 1930కి ఫోన్ చెయ్యాలె.

ఓటీ అక్క, మహబూబ్‌నగర్:
నేను ఓటీని, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ను, రోజువారీ పనులు చేసుకునేలా అలవాటు చేయించడం నా వృత్తి. పైన చెప్పినవన్నీ సరైనవే. నేను ట్యాబ్ కన్నా ముందు కూర్చునే తీరు గురించి అడుగుతాను. మెడ తిరగని మనిషికి ట్యాబ్ ఒళ్లో పెట్టి ఇస్తే పది నిమిషాల్లో నొప్పి వస్తుంది, ఆ నొప్పికి ఆయన ట్యాబ్‌ను తిట్టుకుంటారు. బల్ల మీద స్టాండ్ పెట్టి, ఒక మూర దూరంలో, తెర మధ్యభాగం ఆయన కంటి కన్నా కొంచెం కిందికి వచ్చేలా ఉంచండి. మోచేతులు బల్ల మీద ఆనాలి. రెండు చూపుల అద్దాలు వాడుతుంటే దగ్గరి చూపు కింది సగంలో ఉంటుంది, తెర ఎత్తులో ఉంటే గడ్డం పైకెత్తాల్సి వస్తుంది, బిగుసుకున్న మెడతో అది కుదరదు. అరుగు మీద కూర్చుంటే వీధి వెలుతురు తెర మీద పడి తాతగారికి మసకే కనిపిస్తుంది, గోడవైపు తిప్పండి. ఆపరేషన్ కాని కంట్లో శుక్లం ఉంటే తెల్లని తెర చెదిరినట్టు ఉంటుంది, నల్ల నేల మీద తెల్ల అక్షరాలు పెట్టి చూడండి. అక్షరాల సైజు పెంచేటప్పుడు ఆపాల్సిన చోటు ఒకటుంది: మరీ పెద్దది చేస్తే బటన్లు తెర అవతలికి పోతాయి.

నాయనమ్మగారి చెవులు. ముందు గుబిలి ఉందేమో చూపించండి, అది తీయిస్తేనే కొందరికి సగం బాధ తగ్గుతుంది. మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాల్లో మనం తగ్గించుకోగలిగేవి పద్నాలుగని లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ 2024లో లెక్క పెట్టింది. అందులో వినికిడి తగ్గడం ఉంది, పట్టించుకోని చూపు లోపాన్ని ఆ ఏడే కొత్తగా చేర్చారు. అందుకే ఆప్‌లు వెతికే ముందు చెవి, కన్ను చూపించమనేది. వయసుతో సన్నని, కీచు శబ్దాలే ముందు వినిపించకుండా పోతాయి. కాబట్టి కీచుగా మోగే రింగ్‌టోన్ వద్దు, గంట లాంటి, డప్పు లాంటి మందమైన మోత పెట్టండి. ట్యాబ్ మాట్లాడే గొంతు వేగాన్ని తగ్గించండి. ట్యాబ్ స్పీకర్ వెనక వైపు ఉంటే గుడ్డ మీద పడుకోబెట్టవద్దు.

ఇక మందులు. నోటిఫికేషన్ పనిచేయలేదంటే కారణం వాళ్లు కాదు, దాని స్వభావమే అంత. చూసినప్పుడే అది ఉంటుంది, చూడాలని గుర్తుంటే మందూ గుర్తుంటుంది కదా. పిలిచే గొంతు ఉండాలి, పిలిచిన చోటే గోలీలు ఉండాలి. వారానికి ఏడు వరుసలు, రోజుకు నాలుగు గదులు ఉన్న గోలీల డబ్బీ కొని ట్యాబ్ పక్కనే పెట్టండి. గదుల మీద పొద్దు పొడిచే బొమ్మ, నడినెత్తిన సూర్యుడు, సాయంత్రం దీపం, చంద్రుడు అతికించండి. మీరు వీడియో కాల్‌లో డబ్బీ చూపించమంటే ఏ గది ఖాళీ అయిందో తెలుస్తుంది, ‘వేసుకున్నవా?’ అని అడగనక్కర్లేదు. అడిగితే వేసుకున్ననే అంటారు.

గడియారం టైమ్ కాదు, బువ్వ టైమ్ చూసి అలారం పెట్టండి. తొమ్మిదింటికి తినే ఇంట్లో ఎనిమిదింటికి ‘తిన్నాక వేసుకో’ అని మోగితే ఆపేసి మర్చిపోతారు. పరగడుపున వేసుకునే థైరాయిడ్ గోలీ లాంటిదుంటే దానికి వేరే అలారం. ఒక పూట తప్పితే తర్వాతి పూట రెండు వేసుకోవడం వద్దని, తప్పినప్పుడు ఏం చెయ్యాలో డాక్టర్‌ను ముందే అడిగి రాసుకోండి.

నేర్పే పద్ధతి ఇది. వారానికి ఒక్క పని, ఒక్కటే. ఫొటో నొక్కి కాల్ చెయ్యడం అనుకుందాం. మొదట మీరు చేసి చూపించండి, వెంటనే ఆయనతో చేయించండి. ఒక నిమిషం ఆగి మళ్లీ, రెండు నిమిషాలకు, నాలుగుకు, ఎనిమిదికి, పదహారుకు. మధ్యలో వేరే ముచ్చట పెట్టండి. తప్పితే ‘గుర్తులేదా?’ అనకండి, వెంటనే సరైన దారి చూపించి అంతకు ముందు తప్పకుండా చేసిన వ్యవధికి వెనక్కి పోండి. ఊహించి తప్పు నొక్కితే ఆ తప్పే చేతికి అలవాటవుతుంది, అందుకే తప్పు జరగకముందే అందించాలి. మాటలు కూడా మార్చకండి. ఒకరోజు ‘టచ్ చెయ్’, మరుసటి రోజు ‘ప్రెస్ చెయ్’ అంటే రెండు పనులనుకుంటారు, ‘ఒత్తు’ అంటే ఒత్తే. వాళ్ల చేతిలోంచి ట్యాబ్ గుంజుకొని మీరు చేసి ఇవ్వడం అన్నింటికన్నా చెడ్డది.

ఒక హెచ్చరిక. నిన్న వచ్చిన పని ఇవాళ రాక, మగతగా, అయోమయంగా ఉంటే దాన్ని మతిమరుపు అని, ట్యాబ్ అర్థంకాలేదని వదిలేయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం పడిపోవడం, కొత్త మందు, మలబద్ధకం, నీళ్లు తక్కువ తాగడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అదే రోజు దవాఖానకు తీసుకుపోండి. మూతి వంకర పోయినా, ఒక పక్క చేయి జారిపోయినా, ఉన్నట్టుండి మాట తడబడినా వెంటనే 108.

మునుగోడు మనవడు:
అక్కా, అన్నా, మస్తు సంతోషం. ఛార్జర్ తీస్తె టచ్ నిజంగనె కుదురుకున్నది. గొంతుతోటి పిలిచే అలారం ఎట్ల పెట్టాలె? రిమైండర్ ఆప్ ఒకటి దించుకోవాల్నా?

సెల్లు రిపేరు దేవరకొండ:
బయటి ఆప్ వద్దు. కొన్ని కంపెనీల ట్యాబ్‌లు బ్యాటరీ మిగిలించేటందుకు వెనుక నడిచే ఆప్‌లను నిద్రపుచ్చుతయ్, గప్పుడు అలారం మోగది. ట్యాబ్‌తోటి వచ్చిన గడియారం ఆప్ నమ్మకం.

రికార్డర్‌ల ఎనిమిది, పది సెకన్ల మాట రికార్డ్ చెయ్. ‘నాయనమ్మా, నాయనమ్మా, పొద్దటి బువ్వ తిన్నవు కదా. పొద్దు బొమ్మ గదిల గోలీలు ఏసుకో’. పేరు రెండుసార్లు ఎందుకంటె, చెవి మందమున్నోళ్లకు మొదటి మాట పోతది, రెండోది అందుతది. ఫైల్స్ ఆప్‌ల ఆ ఫైల్‌ను అలారమ్స్ అనే ఫోల్డర్‌లకు కాపీ చెయ్. గడియారంల అలారం తెరిచి, సౌండ్ నొక్కి, యాడ్ న్యూ అని ఆ ఫైల్ ఎంచుకో. ఆపేదాక, లేకుంటె గడియారం తానంతట తాను చప్పుడు బంద్ చేసేదాక, అదే మాట తిరుగుతనె ఉంటది. గడియారం సెట్టింగ్స్‌ల వాల్యూమ్ బటన్ ఒత్తితె అలారం ఆగేటట్టు పెట్టొచ్చు, గది పెట్టు, తెర మీద స్నూజ్ ఏదో, స్టాప్ ఏదో ఆమెకు వెతుకులాట ఉండది. అలారం వాల్యూమ్ వేరు, రింగ్ వాల్యూమ్ వేరు, రెండూ చూసుకో. రాత్రి డు నాట్ డిస్టర్బ్ తానంతట తాను ఆన్ అయ్యే టైమ్ ఉంటె అలారాలకు మినహాయింపు ఉన్నదా చూడు. ఇగ ట్యాబ్ స్విచాఫ్ అయితె ఏది మోగది, అందుకని ఛార్జింగ్ రోజూ ఒకటే ఏళకు, పగటీలి బువ్వ తింటున్నప్పుడు పెట్టియ్యి. రేయింబవళ్లు పిన్ను పెట్టి ఉంచితె బ్యాటరీ ఉబ్బుతది. వెనుక మూత లేస్తున్నట్టు కనపడితె వాడుడు ఆపి ట్యాబ్‌ను ఇంటి బయట పెట్టు. 80 శాతం కాడ ఆగే సెట్టింగ్ ఉంటె అది పెట్టు.

పాలమూరు పంతులు:
మందుల వరకు అలారం ఒప్పుకుంటాను. మిగిలిన ప్రణాళికంతా ట్యాబ్‌లోకి ఎక్కించాలనే పట్టు దేనికో నాకు అంతుబట్టదు. గోడ మీద పంచాంగం క్యాలెండర్ ఎనభై ఆరేళ్ల మనిషికి ఏనాడో చేతికొచ్చిన సాధనం. దాన్ని తీసేసి ఇంకొకటి ఇవ్వడం కాదు, దానికి ట్యాబ్‌ను తోడు పెట్టండి. ఆమెకు 14వ తారీఖు దవాఖాన అంటే ఏమీ అర్థం కాదు, ‘బహుళ ఏకాదశి నాడు’ అంటే మర్చిపోదు. నెలకోసారి వీడియో కాల్ పెట్టుకొని, ఆమె తిథి చెప్తుంటే మీరు తారీఖు పట్టుకొని అలారం ఎక్కించండి. చెరువుగట్టు పోవాల్సిన అమాస, ఊరి అంగడి రోజు, పెత్రమాస నాడు మొదలయ్యే బతుకమ్మ, ఇవన్నీ ఆమె బుర్రలో ముందే ఉన్న మేకులు. కొత్త పనిని వాటికి తగిలించాలి. పంచాంగం ఆప్ పెడితే ఊరిని నల్లగొండకో హైదరాబాద్‌కో మార్చండి. సూర్యోదయం ఊరిని బట్టి మారుతుంది, ఆ రోజు ఏ తిథి అన్నది దాన్ని బట్టి చూస్తారు. వేరే ఊరు ఉంటే ఒక్కోసారి ఒక రోజు తేడా చూపించి, ‘మీ డబ్బ తప్పు చెప్తుంది’ అని ఆమె తేల్చేస్తుంది. ఆమె చెప్పిందే నిజమవుతుంది కూడా.

సుడోకు దండగ కాదు, కాని వాళ్లది కాదు. అమెరికాలో 2832 మంది పెద్దవాళ్ల మీద జరిగిన యాక్టివ్ అనే పరిశోధన పదేళ్ల ఫలితాలు 2014లో వచ్చాయి. ఏ శిక్షణ ఇస్తే ప్రధానంగా ఆ పనిలోనే మెరుగు నిలిచింది, జ్ఞాపకశక్తి శిక్షణ ఫలితమైతే పదేళ్లకు నిలవలేదు. నెలనెలా డబ్బులు కట్టి ఆప్ కొనే ముందు ఇది చూసుకోవాలి. ఆట కావాలంటే పులిజూదం, వామనగుంటలు, అష్టాచెమ్మ ఉన్నాయి. చింతగింజలు, గవ్వలు, ఎదురుగా మనిషి. లూడో ఆప్ పచ్చీసుకు చుట్టమే, ఆడేటప్పుడు నెట్ ఆపేస్తే ప్రకటనలు రావు. లేకపోతే ఆట మధ్యలో ప్రకటన వస్తుంది, మూసే గుర్తు చిన్నది, బిగుసుకున్న వేలికి దొరకదు, నొక్కబోయి ఇంకెక్కడికో పోతారు. వదిలేయడానికి అదే కారణమని ఎవరూ గమనించరు.

అన్నిటికన్నా మేలైన పని వాళ్ల దగ్గరున్నదాన్ని రాబట్టడం. నాయనమ్మతో ఉయ్యాల పాటలు రికార్డ్ చేయించండి. ఫ్యాన్ ఆపండి, ట్యాబ్‌ను నాలుగు మడతల తువ్వాల మీద జానెడు, జానెడున్నర దూరంలో పెట్టండి, బల్ల మీద నేరుగా పెడితే ప్రతి తాకిడీ దబదబా వినిపిస్తుంది. ఇరవై నిమిషాలకు మించొద్దు, గొంతు ఆరిపోతుంది. పాడింది మరునాడు ఆమెకే వినిపించండి. ‘ఇక్కడ ఒక చరణం పోయింది’ అని పట్టుకుంటుంది, మళ్లీ పాడుతుంది. మెదడుకు వ్యాయామం అంటే అది. మామూలు రికార్డింగ్ 128 కేబీపీఎస్ ఉంటే గంటకు 58 ఎంబీ దాకా పడుతుంది, స్థలం సమస్య కాదు. తారీఖు, పాట మొదటి మాట పెట్టి పేరు రాసి, అదే రోజు గూగుల్ డ్రైవ్‌లో ఒక ప్రతి వేసుకోండి.

తాతకు ఉర్దూ ఇవ్వండి, చిన్నప్పుడు చదువు నేర్చింది అందులోనే. కీబోర్డులో ఉర్దూ చేర్చండి. ఒక చిక్కుంది: చాలా ఆండ్రాయిడ్‌లలో వెబ్ పేజీల ఉర్దూ గీత మీద సాపుగా సాగే నస్ఖ్ అక్షరాల్లో వస్తుంది, ఆయన తరం చదివింది వాలుగా ఉండే నస్తాలీఖ్. అక్షరం తెలిసీ చదవలేకపోతే చూపు పోయిందనుకుంటారు. సియాసత్ లాంటి పత్రికల ఈ-పేపర్ తెరవండి, అది అచ్చు పేజీ బొమ్మ కాబట్టి నస్తాలీఖ్‌లోనే ఉంటుంది, రెండు వేళ్లతో పెద్దది చేసుకోవచ్చు. ఆయన వేళ్లకు అది కష్టమైతే మీరు ఒకసారి పెద్దది చేసి ఇచ్చినా చదువుకుంటారు.

గూగుల్ మ్యాప్స్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టి ఊరు చూపించండి. ‘ఈ కుంట పేరేంది, ఈ మోటబావి ఎవరిది, ఈ బాట ఎప్పుడు పడింది’ అని అడిగి ఒక్కో చోటికి పేరు పెట్టి దాచుకోండి. నాగార్జునసాగర్ డ్యాంకు నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబర్ 10న, అప్పటికి ఆయనకు ఇరవై దాటి ఉంటాయి. ‘ఆ పనికి మన ఊరి నుంచి ఎవరెవరు పోయిన్రు, కూలి ఎంత, ఎట్ల పోయేది’ అంటే ముచ్చట ఆగదు. నిజాం కాలం నాటి హాలీ సిక్కా రూపాయి ఎప్పుడు పోయింది, మొదటి మోటరు ఎవరి బావికి బిగించారు, ఇలాంటివి అడగండి. 1948 రజాకార్లు, పోలీసు చర్య సంగతులు మాత్రం ఆయన ఎత్తుకుంటేనే వినండి. మీ జిల్లాలో ఆ రోజులు కొన్ని ఇండ్లలో ఇప్పటికీ మానని గాయం.

ఓటీ అక్క, మహబూబ్‌నగర్:
పంతులుగారి మాటకు చిన్న చేర్పు. గోడ క్యాలెండర్ ఉంచడం మంచిదే, కాని దవాఖాన తారీఖులు నాయనమ్మగారి ఒక్కరి జ్ఞాపకం మీద వదలకండి. అలారం ముందురోజు సాయంత్రం ఒకటి, ఆ రోజు పొద్దున ఒకటి. ముందురోజుది ఎందుకంటే రక్తపరీక్ష పరగడుపుది అయితే రాత్రి భోజనం వేళే తెలియాలి.

మునుగోడు మనవడు:
మైకు నొక్కి తెలుగుల అడిగితె జవాబు చెప్పే జెమిని తాతకు పెట్టొచ్చా? పంతులుగారు, ఉర్దూల కూడ అడగొచ్చా?

సెల్లు రిపేరు దేవరకొండ:
పెట్టొచ్చు, రెండు భాషలల్ల అడగొచ్చు. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడితె ఆగమైతది, ఒకటే భాషల అడగమను. ఇంకోటి, ముసలోళ్లు మాట మధ్యల ఆగుతరు, ఆగంగనె మైకు అయిపోయిందనుకొని సగం ప్రశ్నకు జవాబిస్తది. అడిగేది ముందుగాల మనసుల అనుకొని, మైకు ఒత్తి, ఒక్క దమ్ముల చెప్పుడు అలవాటు చేయించు. వానల సంగతి, పత్తి ధర, పాత పద్యం అర్థం అడగొచ్చు. గోలీల సంగతి, పింఛన్ పైసల సంగతి మాత్రం దాన్ని అడగొద్దు, తప్పు చెప్పినా గట్టిగనె చెప్తది.

ఇంకా ఒకటి మర్చిన. గుడ్ మార్నింగ్ బొమ్మలతోటి ఆర్నెల్లల్ల మెమరీ నిండుతది, గప్పుడు రికార్డింగ్ సగంల ఆగిపోతది. వాట్సాప్ స్టోరేజ్ అండ్ డేటాల మీడియా ఆటో డౌన్‌లోడ్ అన్నీ తీసెయ్. నువ్వు ఊరికి పోయినప్పుడు సిస్టమ్ అప్‌డేట్ నీ చేతులతోటె వెయ్, వేసినంక అలారం ఒకసారి మోగించి చూసి, ఐకాన్లు పాత జాగలనె ఉన్నయా చూసుకొని రా.